లీగులో ఏడో స్థానం, నాకౌట్‌లో కప్పు: ఇది లాటరీయేనా? (2012–13 ఎఫ్‌.ఏ. కప్ ఆధారంగా ఒక సమాధానం)

రాజాం నుంచి ఒక సోదరుడు అడిగిన ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెబుతాను. వారి పట్టణంలో ఎనిమిది ఫుట్‌బాల్ జట్ల మధ్య లీగు పోటీలు జరిగాయి. వారి జట్టు ఏడో స్థానంలో నిలిచింది. ఆ తరువాత సంక్రాంతికి పెట్టిన నాకౌట్ కప్పును అదే జట్టు గెలుచుకుంది. లీగులో అడుగునున్నవారికి కప్పు రావడమేమిటి, ఇదంతా లాటరీ అంటూ మిగిలిన జట్లవారు వచ్చే ఏడాది నాకౌట్‌ను ఎత్తివేయాలని పట్టుబడుతున్నారు. 2013లో ఇంగ్లండులో విగన్ అనే జట్టు, అక్కడ పెద్దా చిన్నా క్లబ్బులన్నీ ఆడే నాకౌట్ పోటీ అయిన ఎఫ్‌.ఏ. కప్ గెలిచి, అదే సీజన్‌లో కింది డివిజన్‌కు పడిపోయిందని ఎవరో వారికి చెప్పారు. అది నిజమేనా, నిజమైతే దాన్ని కూడా అదృష్టమనే అనుకోవాలా, నాకౌట్‌ను ఎత్తివేయడం సబబేనా అన్నవి వారి సందేహాలు.

విగన్ సంగతి నిజమే. ఒకే సీజన్‌లో ఎఫ్‌.ఏ. కప్ గెలిచి, డివిజన్ నుంచి కూడా పడిపోయిన మొదటి జట్టు అదే. ఇక అసలు ప్రశ్నకు నా జవాబు ఇది: నాకౌట్‌లో అదృష్టానికి లీగులో కంటే ఎక్కువ చోటు ఉంటుంది, అయితే ఆ చోటు ఎంత అన్నది మీరు పోటీని నడిపే తీరును బట్టి ఉంటుంది, కనుక ఎత్తివేయవలసిన అవసరం లేదు, నియమాలను బిగించుకుంటే చాలు. విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ, చుట్టుపక్కల జరిగే నాకౌట్ పోటీలకు చాలాకాలం రెఫరీగానూ నిర్వాహకుడిగానూ ఉన్న అనుభవంతో ఈ మాట చెబుతున్నాను. కారణాలకు ఆ 2012–13 సీజన్‌కు మించిన ఉదాహరణ నాకు కనిపించదు కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

ముందు అంకెలు చూడండి. ఆ సీజన్‌లో విగన్ అథ్లెటిక్ అక్కడి అగ్రశ్రేణి డివిజన్ అయిన ప్రీమియర్ లీగులో 38 మ్యాచ్‌లు ఆడి 9 గెలిచింది, 9 డ్రా చేసుకుంది, 20 ఓడింది. 36 పాయింట్లతో 18వ స్థానంలో నిలిచి కిందికి దిగిపోయింది. ఆ 38 మ్యాచ్‌లలో ప్రత్యర్థులకు 73 గోల్స్ సమర్పించుకుంది. అదే జట్టు కప్పులో ఒక రీప్లేతో (డ్రా అయినందుకు మళ్లీ ఆడిన మ్యాచ్‌తో) కలిపి 7 మ్యాచ్‌లు ఆడి 13 గోల్స్ చేసి, కేవలం 2 గోల్స్ ఇచ్చింది. లీగులో మ్యాచ్‌కు దాదాపు రెండు గోల్స్ ఇచ్చిన డిఫెన్స్, కప్పులో ఏడు మ్యాచ్‌లకు కలిపి రెండే ఇచ్చిందంటే ఎవరికైనా అనుమానం కలుగుతుంది. మీ పట్టణంలో మీ జట్టును చూసి కలిగిన అనుమానం కూడా ఇదే.

దీనికి మొదటి కారణం ఎదురైన జట్లు. ఎఫ్‌.ఏ. కప్‌లో ఆగస్టు నుంచే చిన్న క్లబ్బుల ప్రాథమిక రౌండ్లు జరుగుతాయి. ప్రీమియర్ లీగు జట్లు, రెండో డివిజన్ జట్లు జనవరిలో మూడో రౌండు నుంచి మాత్రమే ప్రవేశిస్తాయి. అప్పటికి 64 జట్లు ఉంటాయి. అక్కడి నుంచి ఆరు రౌండ్లు దాటితే కప్పు. ఎవరితో ఎవరు ఆడాలో చీటీలలా తేల్చే ఈ డ్రాలో సీడింగు, అంటే బలమైన జట్లను ముందే వేరుగా ఉంచడం, ఉండదు. అన్ని బంతులూ ఒకే పాత్రలో వేసి తీస్తారు. ముందు ఎవరి బంతి వస్తే వారి మైదానంలో ఆట. అందువల్ల పెద్ద జట్లు ఒకదానితో ఒకటి తలపడి తొలగిపోవచ్చు, చిన్న జట్లకు దారి తెరుచుకోవచ్చు.

విగన్‌కు అలాగే తెరుచుకుంది. మూడో రౌండులో మూడో డివిజన్‌లోని బోర్న్‌మత్ ఎదురై విగన్‌ను విగన్ సొంత మైదానంలోనే 1–1తో నిలువరించింది. రీప్లేలో విగన్ 1–0తో బయటపడింది. నాలుగో రౌండులో ప్రత్యర్థి అయిదో అంచెకు చెందిన మాక్లెస్‌ఫీల్డ్. జోర్డీ గోమెజ్ పెనాల్టీ గోల్‌తో 1–0. ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ మాక్లెస్‌ఫీల్డ్ అంతకుముందు రౌండులో ఓడించింది కార్డిఫ్ సిటీని. ఆ ఏడాది రెండో డివిజన్ విజేత కార్డిఫే. అంటే విగన్‌కు ఎదురుకావలసిన బలమైన జట్టును మరెవరో తప్పించారు. అయిదో రౌండులో రెండో డివిజన్ జట్టు హడర్స్‌ఫీల్డ్‌పై 4–1, సెమీఫైనల్‌లో అదే డివిజన్ జట్టు మిల్‌వాల్‌పై 2–0. ఫైనల్‌కు చేరేలోగా విగన్ ఎదుర్కొన్న ప్రీమియర్ లీగు జట్టు ఒక్క ఎవర్టన్ మాత్రమే.

ఇంతవరకూ చదివి ‘అయితే లాటరీయే కదా’ అనేవారు ఆ ఎవర్టన్ మ్యాచ్‌ను మరచిపోకూడదు. అది క్వార్టర్ ఫైనల్, ఎవర్టన్ సొంత మైదానంలో. ఎవర్టన్ ఆ ఏడాది లీగులో ఆరో స్థానంలో ముగించిన జట్టు. విగన్ ఆటగాళ్లు ఫిగెరోవా, మెక్‌మనమన్, గోమెజ్ మొదటి సగంలోనే నాలుగు నిమిషాల వ్యవధిలో మూడు గోల్స్ కొట్టి 3–0తో ఆటను ముగించారు. డ్రా మీకు సులువైన ప్రత్యర్థిని ఇవ్వగలదు గాని, బలమైన ప్రత్యర్థి మైదానంలో మూడు గోల్స్ మాత్రం ఇవ్వలేదు.

ఇక ఫైనల్. 2013 మే 11, వెంబ్లీ. మన గడియారం ప్రకారం రాత్రి 9.45కు మొదలైంది. ఎదురుగా అంతకుముందు ఏడాది లీగు విజేత మాంచెస్టర్ సిటీ. వాట్‌ఫర్డ్‌పై 3–0, స్టోక్‌పై 1–0, లీడ్స్‌పై 4–0, బార్న్‌స్లీపై 5–0, సెమీఫైనల్‌లో చెల్సీపై 2–1 గెలిచి, దారి పొడవునా ఒక్క గోలే ఇచ్చి ఆ జట్టు ఫైనల్‌కు వచ్చింది. ఆ రోజు మ్యాచ్‌ను నడిపించినది మాత్రం విగన్ వింగర్ కల్లమ్ మెక్‌మనమన్. సిటీ లెఫ్ట్ బ్యాక్ క్లిషీ మీదికి పదే పదే దూసుకుపోయి ఆ వైపును ఊపిరి తీసుకోనివ్వలేదు. 84వ నిమిషంలో మెక్‌మనమన్‌ను పడదోసి సిటీ ఆటగాడు జబలేటా రెండో పసుపు కార్డుతో మైదానం వీడాడు, ఎఫ్‌.ఏ. కప్ ఫైనల్ చరిత్రలో రెడ్ కార్డు పొందిన మూడో ఆటగాడు అతను. అంతకు మూడు నిమిషాల ముందే విగన్ కోచ్ రాబెర్టో మార్టినెజ్ గోమెజ్‌ను తప్పించి బెన్ వాట్సన్‌ను దింపాడు. ఇంజురీ టైమ్ మొదటి నిమిషంలో మలోనీ కొట్టిన కార్నర్‌కు వాట్సన్ తల ఆనించాడు, 1–0. ఆ నవంబరులో లివర్‌పూల్‌తో ఆడుతూ కాలు విరిగి, సీజన్ చివరలోనే మళ్లీ మైదానంలోకి వచ్చిన ఆటగాడతను.

ప్రస్తావన వచ్చింది కనుక: ఆనాటి విగన్ యజమాని డేవ్ వీలన్ కూడా ఫైనల్ ఆడినవాడే. 1960లో బ్లాక్‌బర్న్ తరఫున ఆడుతూ కాలు విరగ్గొట్టుకున్నాడు. అప్పట్లో సబ్‌స్టిట్యూట్లు లేరు. మిగిలిన పదిమందితోనే ఆడిన బ్లాక్‌బర్న్ 3–0తో ఓడింది. అటువంటి మనిషి జట్టును చివరికి సబ్‌స్టిట్యూటే గెలిపించాడు.

నేను రెఫరీల శిక్షణలో ఈ ఫైనల్‌ను తరచు ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఆ గోల్ కాదు, ఆ వారం. మే 7న విగన్ సొంత మైదానంలో స్వాన్‌సీ చేతిలో 3–2తో ఓడింది. 11న సిటీకి ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. 14న ఆర్సెనల్ చేతిలో 4–1తో ఓడి, ప్రీమియర్ లీగులో ఎనిమిదేళ్ల నివాసాన్ని ముగించుకుంది. ఒకే వారంలో, ఒకే కోచ్ చేతిలో, ఇంచుమించు అదే జట్టు ఈ మూడు ఆటలూ ఆడింది. లీగు జట్టు లోతును కొలుస్తుంది. నాకౌట్ ఆ రోజు మైదానంలో ఉన్న పదకొండు మందిని, వారికి ఎదురైన ప్రత్యర్థిని, ఆ ప్రత్యర్థి అప్పుడున్న స్థితిని కొలుస్తుంది. గాయాలతో పలచబడిన విగన్ డిఫెన్స్ తొమ్మిది నెలల పాటు ప్రతి వారం నిలబడలేకపోయింది. అయిదారు ముఖ్యమైన రోజులకు మాత్రం నిలబడగలిగింది. అవతల సిటీ శిబిరం ఆ రోజు స్థిమితంగా లేదు. కోచ్ మాంచినీని తొలగిస్తారన్న వార్తలు ఫైనల్ నాటికే గుప్పుమన్నాయి. రెండు రోజుల తరువాత నిజంగానే తొలగించారు.

ఆ సీజన్‌లో పెద్ద జట్లను పడగొట్టినది విగన్ ఒక్కటే కాదు. అయిదో అంచెలో ఉన్న ల్యూటన్ టౌన్ నాలుగో రౌండులో ప్రీమియర్ లీగు జట్టు నారిచ్‌ను వారి మైదానంలోనే 1–0తో ఓడించింది. మొదటి నాలుగు డివిజన్లకు వెలుపలి జట్టు అగ్రశ్రేణి జట్టును ఓడించడం 1989లో కొవెంట్రీపై సట్టన్ యునైటెడ్ గెలుపు తరువాత అదే మొదటిసారి. మూడో డివిజన్‌లో అడుగున కొట్టుమిట్టాడుతున్న ఓల్డమ్ లివర్‌పూల్‌ను 3–2తో ఇంటికి పంపింది. తమాషా ఏమిటంటే, ఆ గెలుపు వచ్చిన వారానికే ఓల్డమ్ కోచ్ పాల్ డికోవ్ పదవి వదిలి వెళ్లవలసి వచ్చింది, లీగు ఫలితాలు అంత అధ్వానంగా ఉన్నాయి కనుక. బ్లాక్‌బర్న్ ఆర్సెనల్‌ను వారి మైదానంలోనే 1–0తో దెబ్బతీసింది.

అయితే వీటిలో ఏదీ కప్పుదాకా రాలేదు. ల్యూటన్‌ను తరువాతి రౌండులో మిల్‌వాల్ 3–0తో ఆపింది. ఓల్డమ్ చివరి క్షణాల్లో మాట్ స్మిత్ గోల్‌తో ఎవర్టన్‌పై 2–2 సాధించినా, రీప్లేలో 3–1తో ఓడింది. బ్రెంట్‌ఫర్డ్ చెల్సీని 2–2తో నిలువరించి, రీప్లేలో 4–0తో చిత్తయింది. దీనిని లెక్కగా చూస్తే సులభంగా అర్థమవుతుంది. ప్రతి మ్యాచ్‌లోనూ గెలిచే అవకాశం నూటికి 40 ఉన్న జట్టును తీసుకోండి. అది వరుసగా మూడు మ్యాచ్‌లు గెలిచే అవకాశం నూటికి సుమారు 6, అంటే పదహారింట ఒకటి. వరుసగా ఆరు గెలిచే అవకాశం వెయ్యింటికి నాలుగు మాత్రమే. మీ ఎనిమిది జట్ల కప్పులో గెలవడానికి మూడు మ్యాచ్‌లు చాలు. కాబట్టి విగన్ గెలుపులో కంటే మీ గెలుపులో అదృష్టం పాలు ఎక్కువగానే ఉండవచ్చు. ఈ మాట మీకు నచ్చకపోవచ్చు గాని, మీ ప్రత్యర్థుల వాదనలో ఉన్న బలం ఇదొక్కటే.

దానికి బదులు చెప్పే బలం మీకూ ఉంది. నిజంగా గాలివాటంగా వచ్చిన గెలుపయితే మళ్లీ మళ్లీ రాదు. కింది డివిజన్‌లో ఉంటూనే విగన్ 2014లో అదే మాంచెస్టర్ సిటీని సిటీ మైదానంలో 2–1తో ఓడించి సెమీఫైనల్‌కు చేరింది. అక్కడ ఆర్సెనల్ చేతిలో పెనాల్టీలలో మాత్రమే ఓడింది. 2018లో మూడో డివిజన్‌లో ఉండగా, ఆ ఏడాది లీగు గెలిచిన సిటీని మరొకసారి 1–0తో ఇంటికి పంపింది. కోచ్‌లు మారారు, ఆటగాళ్లు మారారు. కనుక మీవారితో వాదన పెట్టుకునే ముందు వచ్చే కప్పు కూడా ఆడండి.

ఇప్పుడు మన ప్రాంతానికి వస్తాను. ఇక్కడి నాకౌట్ పోటీలలో నేను చూసిన అన్యాయాలలో ఎక్కువ భాగం అదృష్టం చేసినవి కావు, నిర్వాహకులు చేసినవి. బొబ్బిలి వైపు జరిగిన ఒక పోటీలో ఒక జట్టుకు ఉదయం క్వార్టర్ ఫైనల్, మధ్యాహ్నం సెమీఫైనల్ పెట్టారు. వారి సెమీఫైనల్ ప్రత్యర్థికి ముందురోజు సాయంత్రమే క్వార్టర్ ఫైనల్ అయిపోయింది. ఏప్రిల్ ఎండలో, సముద్రపు ఉక్కలో, రెండో సగం మొదలయ్యేసరికి మొదటి జట్టు ఆటగాళ్లకు పిక్కలు పట్టేశాయి. ఆ ఓటమిని ఎవరూ నిర్వాహకుల ఖాతాలో వేయలేదు. ‘నాకౌట్ అంటే అంతే’ అన్నారు. మరొకచోట లీగు దశలో చిత్తుగా ఓడిన జట్టు కప్పు గెలిచింది. వారి గోల్‌కీపర్ పెనాల్టీలు ఆపడంలో దిట్ట. ఎక్స్‌ట్రా టైమ్ లేకుండా నేరుగా షూటౌట్ పెట్టడంతో, ఆ జట్టు గోల్ పోస్టు ముందు పదిమందిని నిలబెట్టి 0–0తో సరిపెట్టుకుని షూటౌట్‌లో గెలుస్తూ పోయింది. వారిని తప్పు పట్టడానికి లేదు. నియమం ఎలా ఉంటే ఆట అలా ఉంటుంది.

డ్రా అయితే మళ్లీ ఆడించే రీప్లే పద్ధతి బలమైన జట్టుకే మేలు చేస్తుందని పైన బ్రెంట్‌ఫర్డ్, ఓల్డమ్ ఉదాహరణలు చెబుతున్నాయి. విగన్‌ను బోర్న్‌మత్ నుంచి కాపాడినది కూడా రీప్లేయే. కాని మైదానం దొరకడం, రెఫరీలు దొరకడం, సెలవులు అయిపోవడం వంటి ఇబ్బందులతో మన దగ్గర అది జరిగే పని కాదు. ఇంగ్లండులోనే 2024–25 నుంచి మొదటి రౌండు మొదలుకొని రీప్లేలు ఎత్తివేశారు. మీరు షూటౌట్‌కు ముందు పదేసి నిమిషాల చొప్పున రెండు సగాల ఎక్స్‌ట్రా టైమ్ తప్పనిసరి చేయండి. ఒక జట్టుకు ఒక రోజున ఒకటే మ్యాచ్, రెండు మ్యాచ్‌ల మధ్య కనీసం ఒక రోజు విరామం అన్న నియమాన్ని రాసిపెట్టండి. సంక్రాంతి రోజుల్లో వాతావరణం చల్లగా ఉంటుంది కాబట్టి అప్పుడే పెట్టడం మంచిదే. అక్టోబరుకు మాత్రం మార్చకండి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ మన జిల్లాల మీదికి అక్టోబరులోనే వచ్చాయి. వాన పడి ఒక రౌండు వాయిదా పడితే విరామ నియమం మొత్తం తలకిందులవుతుంది.

సీడింగు గురించి నిర్వాహకులు రెండు విధాలుగా ఆలోచిస్తారు. ఎఫ్‌.ఏ. కప్‌లో సీడింగు లేకపోయినా, అక్కడ 64 జట్లుంటాయి, మీ దగ్గర ఎనిమిదే. ఇంత చిన్న పోటీలో లీగు మొదటి రెండు స్థానాల జట్లు మొదటి రౌండులోనే తలపడితే కప్పుకు విలువ తగ్గుతుంది. ఆ రెండింటిని డ్రాలో ఎదురెదురు సగాలలో ఉంచి, మిగిలిన ఆరింటికి చీటీలు వేయడం నా అలవాటు. చీటీలు జట్ల కెప్టెన్ల చేతనే, అందరి ఎదుట తీయించాలి. నిర్వాహకుల ఇంట్లో రాత్రివేళ తీసిన డ్రాను ఎంత నిజాయితీగా తీసినా ఎవరూ నమ్మరు.

లీగుకు, కప్పుకు వేర్వేరు బహుమతులు ఉండాలి. ఒకదాని ఫలితంతో మరొకదాని విలువను కొలవకూడదు. జిల్లా స్థాయికి జట్టును పంపవలసి వస్తే లీగు విజేతనే పంపండి, అది న్యాయం. ఇంగ్లండులో డబ్బు లెక్క కూడా ఇటువంటి తేడానే చూపిస్తుంది. ఆ ఏడాది కప్పు ఫైనల్ విజేతకు బహుమతి 18 లక్షల పౌండ్లు. ప్రీమియర్ లీగులో అట్టడుగున నిలిచిన జట్టుకు కూడా దాదాపు 4 కోట్ల పౌండ్లు అందాయి. అయినా కప్పు గెలిచినందుకు విగన్ తరువాతి సీజన్‌లో రెండో డివిజన్‌లో ఉంటూనే యూరోపా లీగు గ్రూపు దశలో ఆడింది.

చివరిగా మీ ప్రశ్నలో లేని ఒక సంగతిని నేను అడగవలసి ఉంది: కప్పులో ఆడిన మీ జట్టు లీగులో ఆడిన జట్టేనా? సంక్రాంతి పోటీలకు విశాఖపట్నం నుంచి, చదువులకో ఉద్యోగాలకో బయటకు వెళ్లినవారిలోంచి ఇద్దరు ముగ్గురు మంచి ఆటగాళ్లను రప్పించుకోవడం మన దగ్గర మామూలే. అలా జరిగి ఉంటే మీ ప్రత్యర్థుల కోపానికి కారణం నాకౌట్ కాదు, ఆ ఆటగాళ్లు. ఆ 2012–13 ఎఫ్‌.ఏ. కప్‌లో ఒక క్లబ్బు తరఫున ఆడిన ఆటగాడు అదే సీజన్ కప్పులో మరొక క్లబ్బుకు ఆడడానికి వీలుండేది కాదు. మీరు డ్రా తీయడానికి వారం రోజుల ముందే ప్రతి జట్టు నుంచి 18 మంది పేర్లతో, ఫొటోలతో జాబితా తీసుకోండి. అందులో లీగు ఆడనివారు ఇద్దరికి మించకూడదని పెట్టండి. జాబితాలను మైదానం దగ్గర బోర్డు మీద అంటించండి. మ్యాచ్‌కు ముందు రెఫరీ ఆ జాబితాతో సరిచూసిన తరువాతే ఆటగాణ్ణి మైదానంలోకి పంపాలి.